హిందీ చలనచిత్ర గీత సమీక్ష

హిందీ చలనచిత్రముల కొఱకు రచింపబడి, చిత్రముతో బాటుగానో చిత్రమునకు ముందుగానో రికార్డు, క్యాసెట్టు, సీడీ మున్నగు రూపములలో విపణికి వచ్చు పాటల గుణదోషములను విచారించి పాఠకులకు తెలుపు రచనకు హిందీ చలనచిత్ర గీత సమీక్ష యని పేరు. ఇది చిత్ర సమీక్షలో ఒక చిన్న భాగముగా పుట్టి, ఇంచుమించు అర్ధశతాబ్ది కాలము దాని నీడలోనే మెలగి, 1980 తరువాత మాత్రమే స్వతంత్ర ప్రక్రియగా నిలదొక్కుకొనినది. సంగీత విమర్శకు మన దేశమున దీర్ఘమైన సంప్రదాయము కలదు. కాని ఆ విమర్శకుడు సభలో గాయకుని యెదుట కూర్చుండి వినువాడు. చలనచిత్ర గీతమును సమీక్షించువానికి గాయకుడు కనబడడు, వాద్యబృందము కనబడదు, పెక్కుమార్లు ఆ పాట ఏ సన్నివేశమునకు కట్టబడినదో ఆ సన్నివేశమును కనబడదు. అతని చేతికి వచ్చునది ఒక వస్తువు మాత్రమే. ఆ వస్తువు ఎంత నిడివి గల పాటను మోయగలదు, దాని మీద ఎవరెవరి పేళ్లు ముద్రింపబడినవి, అది చిత్రమునకు ఎన్నాళ్లు ముందుగా వచ్చినది అను విషయములే అతని తీర్పును చాలవఱకు నిర్ణయించుచు వచ్చినవి. కావున ఈ సమీక్షా చరిత్రను ఆయా వస్తువుల చరిత్రతో కలిపి చదువుటయే సమంజసము.

1931 మార్చి 14వ తేదీన బొంబాయి మెజెస్టిక్ సినిమాలో ప్రదర్శింపబడిన తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా'లో 7 పాటలుండెను. అర్దేశిర్ ఇరానీ తీసిన ఈ చిత్రమునందును, పిమ్మట వచ్చిన 'కాళిదాస్', 'భక్త ప్రహ్లాద' చిత్రములందును చిన్న పాత్రలు ధరించిన మన ఎల్.వి. ప్రసాద్ తరువాతి కాలమున హిందీ చిత్ర నిర్మాతగా ఎంతటి ప్రతిష్ఠ గడించెనో తెలుగువారెఱిగినదే. ఆ 7 పాటలును గ్రామఫోను రికార్డులుగా రాలేదు. చిత్రపు ప్రతులును మిగులలేదు. అందుచేత హిందీ చలనచిత్ర గీత చరిత్రలోని మొదటి పుట ఏ సమీక్షకుని చెవికిని ఇక అందదు. మఱుసటి యేడు వచ్చిన 'ఇంద్రసభ'లో పాటలు సుమారు 70. ఇన్ని పాటలున్న చిత్రమును గూర్చి వ్రాయువాడు ఒక్కొక్క పాటను విడదీసి పరిశీలించుట దుస్సాధ్యము. ఆ కాలపు పత్రికలు సంగీతము శ్రావ్యముగా నున్నదనియో లేదనియో ఒక వాక్యమున తేల్చి, నటీనటుల కంఠముల మీద మఱియొక వాక్యము వ్రాసి ముగించెడివి. థియేటరు వాకిట అణాకో అర్ధణాకో అమ్మెడి పాటల పుస్తకమే నాటి శ్రోతకు గల ఏకైక ఆధారము. దానిలో సాహిత్యముండెను గాని స్వరము లేదు.

1935లో బొంబాయి నుండి బాబూరావు పటేల్ ఆంగ్లమున ప్రారంభించిన 'ఫిల్మ్‌ఇండియా' మాసపత్రిక నిర్భయమును తఱచు పరుషమును అయిన చిత్ర విమర్శకు పేరొందినది. ఆ యేడే కలకత్తా న్యూ థియేటర్స్ వారి 'ధూప్ ఛావ్' చిత్రమున నేపథ్యగాన పద్ధతి హిందీ తెరకు వచ్చెను. నటించువా రొకరు, పాడువా రొకరు అయిన పిదప గీత సమీక్షకు ఒక క్రొత్త బాధ్యత కలుగవలసి యుండెను: పాడిన దెవరో గుర్తించుట. కాని ఆ బాధ్యత నెఱవేర్చుటకు వలసిన సమాచారమును రికార్డు లేబులే మఱుగుపఱచినది. ఆ కాలమున అనేక రికార్డుల మీద గాయని పేరునకు బదులు చిత్రములోని పాత్ర పేరు అచ్చువేయుట వాడుక.

1949లో బాంబే టాకీస్ వారు కమాల్ అమ్రోహీ దర్శకత్వమున తీసిన 'మహల్' ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. ఖేమ్‌చంద్ ప్రకాశ్ స్వరపఱచిన అందలి ప్రధాన గీతమును పాడినది లతా మంగేష్కర్. రికార్డు మీద ఉన్నది 'కామిని' యను పాత్ర పేరు. ఆ పాట రేడియోలో మ్రోగినంతనే ఈ గాయని యెవరని శ్రోతలు ఉత్తరముల మీద ఉత్తరములు వ్రాయగా, రేడియో వారు గ్రామఫోను కంపెనీ నడిగి పేరు తెలిసికొని ప్రకటింపవలసి వచ్చెను. ఒక గాయనిని గుర్తించిన ఘనత ఇచట పత్రికలోని విమర్శకునిది కాదు, ఉత్తరము వ్రాసిన సామాన్య శ్రోతది. ఈ విషయమును నేను మిక్కిలి విలువైనదిగా నెంచుచున్నాను. ఆ పాటనే మఱికొంత నిదానముగా వినినచో, చలనచిత్ర గీతమును వినుటలో గల చిక్కంతయు అందు కనబడును. తాళము లేకయే మెల్లగా, దూరము నుండి వచ్చుచున్నట్లు కంఠము మొదలగును. క్రమముగా దగ్గఱకు వచ్చును. పిదపనే లయ యందుకొనును. చిత్రమున అది పాడుబడిన భవనములో కనబడీ కనబడని యొక స్త్రీ గానము. రికార్డింగు నాడు తాను మైక్రోఫోనునకు ఎడముగా నిలిచి, పాడుచు దాని వైపు నడచి వచ్చినట్లు లతయే తరువాత చెప్పియున్నది. చిత్రమును చూడక రికార్డు మాత్రమే వినినవానికి ఆ దూరము కారణము తెలియని ఒక మాధుర్యము. చూచినవానికి అది కథలోని భయము. ఈ రెండును నిజములే. ఏ యొకదానిని మఱచినను సమీక్ష కుంటువడును.

78 ఆర్‌పిఎం రికార్డు ఒక వైపున మూడు మూడున్నర నిమిషముల పాట మాత్రమే పట్టును. చిత్రములో అయిదు నిమిషములు సాగిన పాట రికార్డునకు వచ్చునప్పటికి ఒక చరణమును, ఒక వాద్యఖండమును కోల్పోయెడిది. లేదా రెండు ముక్కలై రెండు వైపులకు ఎక్కెడిది. రికార్డును విని వ్రాసినవాడును, చిత్రమును చూచి వ్రాసినవాడును ఒకే పాటను గూర్చి వ్రాయుచున్నామని తలంచిరి గాని వారు వినినవి రెండు వేర్వేఱు పాటలు. ఈ భేదమును పాటించి నమోదు చేయుట చాల కాలమునకు గాని అలవడలేదు.

స్వాతంత్ర్యానంతరము హిందీ సినిమా పాట మీద వచ్చిన తీర్పులలో అత్యంత తీవ్రమైనది ప్రభుత్వము వలన వచ్చినది. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రియైన బి.వి. కేస్కర్ చలనచిత్ర సంగీతము ప్రజాభిరుచిని పాడుచేయుచున్నదని నమ్మి, ఆకాశవాణిలో దాని సమయమును కుదించి శాస్త్రీయ సంగీతమునకు పెద్దపీట వేసెను. శాస్త్రీయ సంగీతమునకు ఆయన చేసిన సేవ కొట్టివేయదగినది కాదు. కాని ఒక కళారూపము నంతటిని వినకయే నిరాకరించుట విమర్శ కాజాలదు. శ్రోతలు రేడియో ముల్లును సిలోను వైపునకు త్రిప్పిరి. 1952 డిసెంబరు 3వ తేదీన రేడియో సిలోనులో అమీన్ సయానీ గొంతుతో 'బినాకా గీత్‌మాలా' ప్రారంభమయ్యెను. తొలుత వరుసక్రమము లేక 7 పాటలు వినిపించిన ఈ బుధవారపు కార్యక్రమము, స్వల్ప కాలముననే రికార్డుల అమ్మకములను, శ్రోతల సంఘముల అభిప్రాయములను కూడగట్టి పాటలకు స్థానములు కేటాయించు పద్ధతి నవలంబించెను. నాటి బిహారులోని ఝుమ్రీ తిలైయా వంటి చిన్న యూరి పేరు సినిమా పాటలు కోరుచు వచ్చిన ఉత్తరముల మూలమున దేశమంతటను మ్రోగిపోయెను. 1957లో ఆకాశవాణి వివిధభారతిని స్థాపించుటకు సిలోను పోటీయే ముఖ్య కారణము.

గీత్‌మాలాను సమీక్ష యనవచ్చునా? అది జనాదరణకు కొలమానమే గాని గుణనిర్ణయము కాదనుట యథార్థము. అయినను సయానీ ఒక్కొక్క పాటకు ముందు పలికిన నాలుగు మాటలలో సంగీత దర్శకుని పేరును, కవి పేరును, పాట పుట్టిన సందర్భమును తెలుపుచు, వినువానికి వినుట నేర్పెను. అచ్చులో సమీక్ష చేయవలసిన పనిలో సగము, చేయువారు కొఱవడిన దినములలో, గాలిలో జరిగినది. ఉర్దూ వినికిడి గల హైదరాబాదులోనే గాక కోస్తాలో హిందీ యక్షరము రాని ఇండ్లలో సైతము బుధవారము రాత్రి ఎనిమిది గంటల వేళ ఆ గొంతు వినబడెడిదని పెద్దలు ఇప్పటికిని చెప్పుకొనుచుందురు.

1952లో ఆరంభమైన 'ఫిల్మ్‌ఫేర్' పత్రిక 1954 నుండి పారితోషికము లిచ్చుచు, మొదటి సంగీత పారితోషికమును 'బైజూ బావ్రా' చిత్రమునకు గాను నౌషాద్‌కు సమర్పించెను. గాయకులకును గీతరచయితలకును అందు స్థానము లేదు. 'చోరీ చోరీ' చిత్రమునకు శంకర్ జైకిషన్‌లకు పారితోషికము వచ్చినప్పుడు, ఆ సభలో పాడుమనగా లతా మంగేష్కర్ నిరాకరించెను. గాయకులను గుర్తింపని వేదిక మీద తాను పాడ ననెను. 1959లో గాన పారితోషికమును, గీతరచనా పారితోషికమును ఏర్పడినవి. పేరు నిలుపుకొనుటకై కళాకారులే పోరాడవలసి వచ్చిన ఈ ఘట్టమును 'మహల్' లేబులు కథకు ప్రక్కనే ఉంచి చూడవలెను. 1973లో మఱియొక కలకలము. 'పాకీజా'కు స్వరములు కట్టి, చిత్రము విడుదలకు నాలుగేండ్ల ముందే మరణించిన గులామ్ మొహమ్మద్‌ను విడిచి, సంగీత పారితోషికమును 'బేఈమాన్' చిత్రమున కిచ్చినందులకు నిరసనగా, అదే 'బేఈమాన్'లో సహాయ నటునిగా తనకు వచ్చిన పారితోషికమును ప్రాణ్ తిరస్కరించెను. ఒక నటుడు తనకు లభించిన గౌరవమును విడిచి ఒక స్వరకర్త పక్షమున పలికిన ఆ మాటను, ఆ యేటి సంగీత సమీక్షలన్నిటి కంటెను మిన్నయైన సమీక్షగా గణింపవచ్చును.

ఈ దశకములలో పత్రికలలో సినిమా పాటను గూర్చి జరిగిన విచారణ రెండు త్రోవల నడచెను. ఒకటి సాహిత్యపు త్రోవ. సాహిర్ లుధియాన్వీ, మజ్రూహ్ సుల్తాన్‌పురీ, కైఫీ ఆజ్మీ వంటి వారు ముశాయరాలలో పేరెన్నిక గన్న తరువాతనే సినిమాకు వచ్చిన కవులు. వారి పాటలను ఉర్దూ విమర్శకులు గజలునకు వలెనే ఛందస్సును, రదీఫును (పాదాంతమున మరల మరల వచ్చు పదమును), కాఫియాను (ప్రాసను) పట్టి పరీక్షింపగలిగిరి. 1957 నాటి 'ప్యాసా' పాటలు ఈ దృష్టితో చదువబడుట సహజము. రెండవది రాగముల త్రోవ: ఏ పాట మాల్కౌంస్, ఏ పాట భైరవి, ఏ పాటలో అన్యస్వరము పడినది అను చర్చ. ఇది శ్రోతకు శాస్త్రీయ సంగీతమునందు ప్రవేశము కల్పించినది గాని, దీనిలో ఒక లోపమును ఉన్నది. పాట రాగముతో ముగియదు. దాని చుట్టును ఆర్కెస్ట్రా కలదు.

ఆ ఆర్కెస్ట్రాను గూర్చి సమీక్షకులు దాదాపు నాలుగు దశాబ్దములు మౌనము వహించిరి. కంఠమునకును కంఠమునకును నడుమ వయొలిన్లు ఏమి పలుకవలెనో, ఎచట ఫ్లూటు ఆగి అకార్డియన్ అందుకొనవలెనో, సంగీత దర్శకుడు హార్మోనియం మీద కూర్చిన వరుసకు ఎట్టి స్వరసమ్మేళనము పొసగునో కాగితము మీద వ్రాసి అరువది డెబ్బదిమంది వాద్యకారులతో వాయింపజేసినవారు అరేంజర్లు. వీరిలో పెక్కుమంది గోవా నుండి వచ్చి, చర్చి పాఠశాలలలో పాశ్చాత్య స్వరలిపి నేర్చినవారు. శంకర్ జైకిషన్‌ల పాటలలో మనము గుర్తుపట్టు ఆ నిండైన తంత్రీవాద్యధ్వని వెనుక సెబాస్టియన్ డిసౌజా ఉన్నాడు. ఆంథొనీ గొన్సాల్వెస్ అరేంజరే గాక గురువు కూడ. ఆయన వద్ద వయొలిన్ నేర్చిన సంగీత దర్శకుడు ప్యారేలాల్, 1977లో 'అమర్ అక్బర్ ఆంథొనీ' చిత్రములో ఒక పాత్రకు తన గురువు పేరు పెట్టబడి పాట కెక్కుటకు కారకుడయ్యెను. కోట్లమంది ఆ పేరును పాడుకొనిరి. అది ఒక సజీవ సంగీతజ్ఞుని పేరని తెలిసినవారు బహుకొద్దిమంది. రికార్డు లేబులు మీద, ఎల్పీ అట్ట మీద ఈ పేళ్లు ఉండవు. లేబులు చెప్పనిది సమీక్షకుడు వెదకలేదు. ఈ ప్రక్రియ చరిత్రలో ఇదియే పెద్ద లోటని నా నిశ్చితాభిప్రాయము. 2008లో గ్రెగరీ బూత్ వాద్యకారులను స్వయముగా కలిసి వారి మాటలతో 'బిహైండ్ ది కర్టెన్' గ్రంథమును వెలువరించు వఱకు ఆ ప్రపంచము సామాన్య పాఠకునికి తెలియదనియే చెప్పవలెను.

ఎల్పీ రికార్డు వాడుకకు వచ్చిన తరువాత ఒక చిత్రపు పాటలన్నియు ఒకే చోట చేరి, 'ఆల్బమ్' అను భావన కలిగెను. పాటలను విడివిడిగా గాక ఒక సంపుటిగా, వాని పరస్పర సంబంధముతో వినుట సాధ్యమయ్యెను. 1975 నాటి 'షోలే'కు పాటల కంటె సంభాషణల రికార్డు ఎక్కువ ప్రసిద్ధి గాంచుట ఈ కాలపు విశేషము. 1977లో వచ్చిన 'పాకీజా రంగ్ బరంగ్' మఱింత విచిత్రము: గులామ్ మొహమ్మద్ స్వరపఱచి చిత్రమున చేరని పాటలతో కూడిన సంపుటి యది. తెర మీద ఎన్నడును కనబడని సినిమా పాటలను కేవలము పాటలుగానే విని తూకము వేయవలసిన అవకాశము సమీక్షకులకు తొలిసారి పూర్తిగా లభించినది.

1980 తరువాత క్యాసెట్టు వచ్చి సర్వమును తాఱుమాఱు చేసెను. అంతవఱకు రికార్డుల వ్యాపారమున ఇంచుమించు గుత్తాధిపత్యము వహించిన హెచ్‌ఎంవీకి వీనస్, టిప్స్, గుల్షన్ కుమార్ స్థాపించిన టీ-సిరీస్ మున్నగు సంస్థలు పోటీకి దిగినవి. వెల తగ్గెను, టేప్‌రికార్డరు పల్లెలకు, లారీలకు, టీ దుకాణములకు పాకెను. 'కయామత్ సే కయామత్ తక్' (1988), 'మైనే ప్యార్ కియా' (1989), 'ఆషికీ' (1990) పాటల అమ్మకములు చిత్రముల భవితవ్యమును ముందే చాటినవి. చిత్రమునకు కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు ముందుగా పాటలు విడుదల యగుట ఆచారమై, దినపత్రికలలోను సినిమా వారపత్రికలలోను క్రొత్త క్యాసెట్ల సమీక్షకు ప్రత్యేక శీర్షికలు వెలసినవి. గీత సమీక్ష చిత్ర సమీక్ష నుండి విడివడినది ఇచటనే. సన్నివేశము తెలియదు, నటుడు తెలియడు, వినబడునది మాత్రమే తెలియును. ఇది గొప్ప స్వేచ్ఛ. అయితే సమీక్షకునకు చోటు తక్కువ, క్యాసెట్లు ఎక్కువ. వారమునకు నాలుగైదింటిని గూర్చి తలకు నాలుగు వాక్యములు వ్రాయవలసి రాగా, 'హిట్టగును', 'కాదు' అను జోస్యము విమర్శ స్థానము నాక్రమించెను. ఇది సమీక్షకు తగిన పని కాదు. ఏ పాట అమ్ముడుపోవునో చెప్పుటకు దుకాణదారు చాలును.

క్యాసెట్టును చేత బట్టి చూచినచో ఆనాటి సమీక్షకుని స్థితి తెలియును. లోపలి మడత కాగితము మీద కథానాయికా నాయకుల బొమ్మ పెద్దది. పాటల పట్టిక చీమల బారంత. రెండు వైపులు నింపవలెను గనుక ఒకే పాట పురుషకంఠమున ఒకసారి, స్త్రీకంఠమున ఒకసారి, విషాదగీతముగా మఱియొకసారి వచ్చును. అదియు చాలనిచో వాద్యసంగీతముగా మరల వచ్చును. ఎనిమిది పాటల సంపుటిలో స్వరకల్పన నిజముగా అయిదింటికే జరిగినదని గుర్తించి చెప్పగల సమీక్షకుడే పాఠకునకు మేలు చేసినవాడు.

వరుసల మూలములను పట్టుకొనుటయు ఈ కాలముననే సమీక్షలో ముఖ్యాంశమయ్యెను. ఇచట తెలుగు శ్రోతకు ఒక విశేషాధికారము కలదు. 'బేటా' (1992) చిత్రమున దేశమంతట మాఱుమ్రోగిన పాట వరుస, అంతకు రెండేండ్ల క్రితము 'జగదేకవీరుడు అతిలోకసుందరి'కి ఇళయరాజా కట్టినదని ఉత్తరాది సమీక్షకునకు తెలియుటకు ముందే విజయవాడ ఆటో డ్రైవరుకు తెలియును. ఇట్టి రాకపోకలు క్రొత్తవి కావు; 1957 నాటి 'సువర్ణసుందరి' హిందీలోనికి పోయినప్పుడు, ఆదినారాయణరావు రాగమాలికను తెలుగులో ఘంటసాల, జిక్కి పాడియుండగా, హిందీలో రఫీ, లత పాడిరి. భేదమేమనగా అచట వరుస కట్టినవాని పేరు కట్టినవానికే ఉన్నది. ఇక ఎం.ఎం. కీరవాణి తమిళమున మరకతమణిగా, హిందీలో ఎం.ఎం. క్రీమ్‌గా అట్టల మీద కనబడుటచే, 'క్రిమినల్', 'సుర్', 'జిస్మ్' పాటలను మెచ్చుకొనిన హిందీ శ్రోతలలో అనేకులు ఆయన తెలుగువాడని చాల కాలము ఎఱుగరు.

రాంగోపాల్ వర్మ 'రంగీలా' (1995)తో ఎ.ఆర్. రహమాన్ నేరుగా హిందీకి స్వరములు కట్టిన పిమ్మట ధ్వనియే విమర్శకు విషయమయ్యెను. పల్లవి బాగున్నదా, చరణము బాగున్నదా అను ప్రశ్నల సరసన, ఏ వాద్యము ఏ చెవిలో వినబడుచున్నది, నిశ్శబ్దమును ఎట్లు వాడినాడు అను ప్రశ్నలు చేరినవి. సీడీతో వచ్చు చిన్న పుస్తకములో వాద్యకారుల పేళ్లను, ధ్వనిముద్రణ నిపుణుల పేళ్లను అచ్చువేయు మర్యాదను వ్యాపింపజేసిన వారిలో రహమాన్ ముఖ్యుడు. డిసౌజా, గొన్సాల్వెస్‌ల తరము వారికి దక్కని గౌరవము తరువాతి తరమునకు దక్కినది.

సమీక్షకు వెన్నెముక సూచీగ్రంథము. కాన్పూరు వాసి హర్‌మందిర్ సింగ్ 'హమ్‌రాజ్' ఒంటిచేతి పూనికతో, దశాబ్దమునకొక సంపుటము చొప్పున, 1931 మొదలుకొని హిందీ చిత్రముల పాటలన్నిటిని చిత్రము, కవి, స్వరకర్త, గాయకుల వారీగా కూర్చిన 'హిందీ ఫిల్మ్ గీత్ కోశ్' లేనిదే నేడు ఈ రంగమున ఒక్క వాక్యమైనను ధైర్యముగా వ్రాయుట కష్టము. పత్రికా రచనలో రాజు భారతన్, హిందీలో 'ధునోం కీ యాత్రా' రచయిత పంకజ్ రాగ్, సంగీతశాస్త్ర దృష్టితో అశోక్ దా. రానడే ఈ చర్చకు గాంభీర్యము చేకూర్చిరి. మన వారిలో, వేలకొలది 78 ఆర్‌పిఎం రికార్డులు సేకరించి తెలుగునను ఆంగ్లమునను సినిమా పాటను నిశితముగా పరిశీలించిన వి.ఎ.కె. రంగారావును ఈ పంక్తిలో స్మరింపవలెను. ఆర్.డి. బర్మన్‌పై అనిరుద్ధ భట్టాచార్జీ, బాలాజీ విఠల్ వ్రాసిన గ్రంథమునకు (2011) సినిమాపై ఉత్తమ గ్రంథముగా జాతీయ పురస్కారము లభించుట గమనింపదగినది.

ఇరువది యొకటవ శతాబ్దపు రెండవ దశకము నుండి సంపుటి మరల విచ్ఛిన్నమగుచున్నది. ఒకే చిత్రమునకు ముగ్గురు నలుగురు స్వరకర్తలు తలకొక పాట నిచ్చుట పరిపాటియై, 'ఆషికీ 2' (2013) పాటలకు మిథూన్, జీత్ గంగూలీ, అంకిత్ తివారీ మువ్వురును ఫిల్మ్‌ఫేర్ పారితోషికమును పంచుకొనిరి. పాటలు వారమున కొకటిగా, దృశ్యముతో సహా అంతర్జాలమున విడుదల యగుచున్నవి; వినుటకు ముందే చూచుట జరుగుచున్నది. క్యాసెట్టు కాలపు సమీక్షకునకు లేని దృశ్యము నేటి సమీక్షకునకు తప్పించుకొనరానిదైనది. తెలుగున పుట్టిన 'బాహుబలి', 'పుష్ప' వంటి చిత్రముల పాటలు హిందీలో వినబడునప్పుడు, కీరవాణియో దేవిశ్రీ ప్రసాదో తెలుగు అక్షరముల కొలతకు కట్టిన వరుసలో హిందీ మాటలు ఇమిడినవా, ఎచట దీర్ఘము హ్రస్వముగా నలిగినది, ఎచట ఊతపదము కేవలము ఖాళీ పూరించుటకు చేరినది అను పరిశీలన కావలసియున్నది. రెండు భాషల చెవి గలవారు హైదరాబాదులో కొఱతగా లేరు. ఆ పని ఇంకను వ్యాసముల రూపమున విరివిగా జరుగవలసి యున్నది.